పాచిక పారిందా? కొత్త చిన్న మంత్రాలపై పాఠకుల ప్రశ్నలు

డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ అనే, బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో కథ నడిపే ఆటకు 2024లో కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వచ్చాక మాకు అందుతున్న ఉత్తరాల్లో సగానికి పైగా చిన్న మంత్రాల గురించే. చిన్న మంత్రాలంటే ఇక్కడ రెండు రకాలు. కాంట్రిప్‌లు స్లాటు (రోజుకి ఇన్నేనని ఉండే మంత్రాల కోటా) ఖర్చు లేకుండా ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. మొదటి లెవెల్ స్పెల్స్‌కి మాత్రం స్లాటు కావాలి. జవాబుల్లో 'పాత పుస్తకం' అంటే 2014ది, 'కొత్తది' అంటే 2024ది. పుస్తకం కొనే వీలు లేనివారు 2025లో ఉచితంగా విడుదలైన నియమాల సంకలనం ఎస్‌ఆర్‌డీ 5.2 చూసుకోండి. కింద చెప్పిన స్పెల్స్‌లో చాలావరకు అందులో ఉన్నాయి. 2డి8 అంటే ఎనిమిది ముఖాల పాచికలు రెండు వేసి కూడడం. ఈ గుర్తు ఎరగనివారు ఈ శీర్షిక చదవరనుకోండి, అయినా ఒకసారి చెప్పి ఉంచాం.

ప్రశ్న: ట్రూ స్ట్రైక్ కాంట్రిప్ పేరెత్తితే మా బల్ల దగ్గర ఒకప్పుడు అందరూ నవ్వేవాళ్లు. ఇప్పుడు మా విజార్డ్ (మాంత్రికుడి పాత్ర) నిప్పు విసిరే ఫైర్ బోల్ట్ మానేసి క్రాస్‌బో పట్టుకుని అదే వేస్తున్నాడు. ఇది మరీ ఎక్కువైందా? మా డీఎం (ఆట నడిపే డన్‌జన్ మాస్టర్) తీసేద్దామంటున్నారు.
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తీసేయాల్సిన పని లేదు. ముందు పాతదాన్ని చూసి ఎందుకు నవ్వేవారో లెక్క వేద్దాం. పాత ట్రూ స్ట్రైక్‌కి ఒక వంతులోని యాక్షన్ (ఆ వంతులో చేసే ముఖ్యమైన పని) ఖర్చయ్యేది. దానికి బదులు తర్వాతి వంతులో ఒక్క దాడికి అడ్వాంటేజీ (ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవడం) దొరికేది. మామూలుగా మీ దాడి నూటికి 60 సార్లు తగులుతుందనుకోండి. రెండు వంతుల్లో రెండు దాడులు చేస్తే సగటున 1.2 దెబ్బలు పడతాయి. మొదటి వంతు మంత్రానికి పోగొట్టుకుని రెండో వంతులో అడ్వాంటేజీతో కొడితే తగిలే అవకాశం 84 శాతం, అంటే 0.84 దెబ్బ. చేతిలో ఉన్నది పారేసి నీడ కోసం పరుగెత్తడమే అది.

కొత్తది వేరే మంత్రమనే చెప్పాలి, పేరొక్కటే మిగిలింది. మంత్రం వేసిన యాక్షన్‌లోనే చేతిలోని ఆయుధంతో ఒక దాడి చేస్తారు. దాడికీ, డ్యామేజీకీ బలమో చురుకుదనమో కాకుండా మీ మంత్రశక్తికి ఏ గుణం ఆధారమో అదే వాడతారు. విజార్డ్‌కి ఇంటెలిజెన్స్ అన్నమాట. దెబ్బ రేడియంట్‌గా (కాంతి దెబ్బగా) పడాలా, ఆయుధం మామూలు రకంగా పడాలా అన్నది మీ ఇష్టం.

ఇంటెలిజెన్స్ 16 (అంటే +3) ఉన్న మొదటి లెవెల్ విజార్డ్‌ని తీసుకోండి. ఫైర్ బోల్ట్ 1డి10, సగటు 5.5. లైట్ క్రాస్‌బోతో ట్రూ స్ట్రైక్ 1డి8+3, సగటు 7.5. దాడికి కలిపే అంకె రెండింటికీ +5. ఇక్కడ మీ విజార్డ్ చేస్తున్నది సరైన పనే. అయిదో లెవెల్‌కి ఇంటెలిజెన్స్ 18 అయిందనుకుంటే ట్రూ స్ట్రైక్ 1డి8+4కి అదనంగా 1డి6, మొత్తం సగటు 12. ఫైర్ బోల్ట్ 2డి10, సగటు 11. పదకొండో లెవెల్‌లో ఇంటెలిజెన్స్ 20తో రెండూ 16.5 దగ్గర సమానం. పదిహేడుకి ఫైర్ బోల్ట్ 22, ట్రూ స్ట్రైక్ 20. చూశారుగా, మొదట్లో రెండు పాయింట్ల లాభం, చివర రెండు పాయింట్ల నష్టం.

లెక్కలో కనబడని తేడాలు మరికొన్ని. ఫైర్ బోల్ట్ 120 అడుగులు పోతుంది, లైట్ క్రాస్‌బోకి ఇబ్బంది లేని దూరం 80. క్రాస్‌బోకి రెండు చేతులూ కావాలి. బాణాలు అయిపోతాయి, యుద్ధం తర్వాత ఒక నిమిషం వెతికితే సగం దొరుకుతాయి. నిప్పుకి చలించని రాక్షసులు బోలెడు మంది ఉన్నారు, రేడియంట్‌ని తట్టుకునేవారు తక్కువ. అసలు లాభం ఇక్కడే ఉంది.

ఎక్కువమంది చేసే తప్పు ఇంకొకటి. ఫైటర్‌కి అయిదో లెవెల్‌లో వచ్చే రెండో దాడి ట్రూ స్ట్రైక్‌తో రాదు. ఆ రెండో దాడి 'అటాక్' యాక్షన్‌కే చెందింది. ఇది 'మ్యాజిక్' యాక్షన్, ఒక్కటే దాడి. శత్రువు పక్కనుంచి జారిపోతుంటే వేసే ఆపర్చునిటీ అటాక్‌కీ ఇది పనికిరాదు. రోగ్‌కి (దొంగ పాత్రకి) మాత్రం స్నీక్ అటాక్, అంటే దొంగదెబ్బకి వచ్చే అదనపు పాచికలు, దీనితో కలుస్తుంది, ఎందుకంటే అందులో అడిగేది తగిన ఆయుధంతో తగిలిన దెబ్బ, యాక్షన్ పేరు కాదు. వార్‌లాక్ అనే మరో మాంత్రిక పాత్రకి దీని జోలి వద్దు. అయిదో లెవెల్ నుంచి వారి కాంట్రిప్ ఎల్‌డ్రిచ్ బ్లాస్ట్ రెండు కిరణాలవుతుంది. ప్రతి కిరణానికీ గుణం అంకె కలిపే ఆగనైజింగ్ బ్లాస్ట్ కూడా ఉంటే రెండూ తగిలినప్పుడు సగటు 19. దాని ముందు 12 వెలవెలబోతుంది.

ప్రశ్న: నిద్రపుచ్చే స్లీప్ స్పెల్‌ని పాడుచేశారు. పాతదానితో ముగ్గురు గోబ్లిన్‌లు సేవ్ (మంత్రాన్ని తప్పించుకోడానికి వేసే పాచిక) లేకుండా దబ్బున పడేవాళ్లు. ఇప్పుడు సేవ్ ఉంది, మళ్లీ ఇంకో సేవ్ ఉంది, పైగా విస్తీర్ణం జేబురుమాలంత. నేను ఈ స్పెల్ మార్చేసుకోనా?
— ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది, కానీ మార్చుకోకండి.

పాత స్లీప్ 5డి8 వేసి, ఆ మొత్తం మేరకు తక్కువ ప్రాణం ఉన్నవారి నుంచి మొదలుపెట్టి నిద్రపుచ్చేది. సగటు 22.5. ఏడేసి హిట్ పాయింట్ల (ప్రాణం లెక్క) పాత గోబ్లిన్‌లు సగటున ముగ్గురు పడేవారు. అక్కడితో దాని కథ సరి. 60కి అటూ ఇటూ ప్రాణమున్న ఓగర్ అనే పెద్ద రాక్షసుడి ముందు అది జోలపాటకి కూడా సరిపోదు. మూడో లెవెల్ దాటాక దాన్ని ఎవరూ సిద్ధం చేసుకునేవారు కాదు.

కొత్తది ఇలా నడుస్తుంది. 60 అడుగుల లోపల ఒక బిందువు ఎంచుకుంటారు. దాని చుట్టూ 5 అడుగుల వ్యాసార్ధంలో మీరు ఎంచుకున్నవారు విజ్డమ్ సేవ్ వేయాలి. తప్పితే ఇన్‌కెపాసిటేటెడ్, అంటే యాక్షన్ లేదు, బోనస్ యాక్షన్ (అదనపు చిన్న పని) లేదు, రియాక్షన్ (ఇతరుల వంతులో చేసే పని) లేదు. తమ తర్వాతి వంతు ముగిసేటప్పుడు మళ్లీ సేవ్. అదీ తప్పితే అన్‌కాన్షస్ (స్పృహ ఉండదు), మీ కాన్‌సన్‌ట్రేషన్ (ఒకసారికి ఒకే మంత్రాన్ని నిలిపే ఏకాగ్రత) నిలిచినంతసేపు, గరిష్ఠం ఒక నిమిషం.

మీ డీసీ, అంటే సేవ్ నెగ్గడానికి చేరాల్సిన అంకె, 13 అనుకుందాం. గోబ్లిన్ విజ్డమ్ సేవ్ -1. మొదటిది తప్పే అవకాశం 65 శాతం, రెండూ తప్పే అవకాశం 42 శాతం. నలుగురి మీద వేస్తే సగటున 2.6 మంది ఒక వంతు పోగొట్టుకుంటారు, 1.7 మంది పడుకుంటారు. పాతదానికన్నా తక్కువే. ఇప్పుడు అదే మంత్రాన్ని ఓగర్ మీద వేయండి. దాని విజ్డమ్ సేవ్ -2. మొదటిది 70 శాతం, రెండూ కలిసి 49 శాతం. ఒక్క మొదటి లెవెల్ స్లాటుకి దాదాపు సగం సార్లు ఓగర్ గుర్రు పెడుతుంది. పాత స్లీప్‌తో ఇది కలలో మాట.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే మాకొచ్చే ఫిర్యాదుల్లో మంత్రం తప్పు తక్కువ, వాడకం తప్పు ఎక్కువ. మొదటి దశలో ఉన్నవాడు నిద్రపోలేదు, తూలుతున్నాడంతే. వాడు నడవగలడు, మాట్లాడలేడు. ఆ దశలో వాడి మీద దాడికి అడ్వాంటేజీ రాదు. మీ స్నేహితుడు ఉత్సాహంకొద్దీ వాడికి చిన్న బాకుతో గీత పెట్టాడంటే మంత్రం వాడి మీద అక్కడే తెగిపోతుంది. తూలుతున్నవాడిని వదిలేసి, సేవ్ నెగ్గినవాడి మీద పడమనండి.

రెండో దశలో కథ మారుతుంది. అన్‌కాన్షస్ అయినవాడిని 5 అడుగుల లోపలి నుంచి కొడితే అడ్వాంటేజీ, తగిలిన ప్రతి దెబ్బా క్రిటికల్, అంటే పాచికలు రెట్టింపు. దూరం నుంచి బాణం వేస్తే ఆ లాభం లేదు. వాడు నేల మీద పడి ఉండడం వల్ల వచ్చే డిసడ్వాంటేజీ (రెండుసార్లు వేసి చిన్న అంకె తీసుకోవడం), స్పృహ లేకపోవడం వల్ల వచ్చే అడ్వాంటేజీ ఒకదానికొకటి చెల్లు. కాబట్టి పడుకున్నవాడి మీదికి మీ దగ్గరున్న అతి పెద్ద కత్తిని పంపండి. గ్రేట్‌స్వోర్డ్ క్రిటికల్ 4డి6+3, సగటు 17. కొత్త గోబ్లిన్ వారియర్ ప్రాణం 10. రెండో దెబ్బ అక్కర్లేదు. చేతిలో బాకే ఉందంటే లేపకుండా వదిలేయడం మేలు. వాడిని తట్టి లేపాలంటే వాడి స్నేహితుడొకడు తన యాక్షన్ ఖర్చు పెట్టాలి, అది కూడా మీకు లాభమే.

ఇక జేబురుమాలు సంగతి. గళ్ల మీద ఆడేవారైతే బిందువుని గడి మధ్యలో కాకుండా నాలుగు గళ్లు కలిసే మూల మీద పెట్టండి, నాలుగు గళ్లూ పడతాయి. ఒక అంగుళానికి 5 అడుగులు లెక్కన ఛార్టు పేపరు మీద గళ్లు గీసుకున్నవారు, పెళ్లి శుభలేఖ అట్ట ఒకటి రెండంగుళాల చదరంగా కత్తిరించి నడుమ చిన్న చిల్లు పెట్టుకోండి. మంత్రం వేసేముందు దాన్ని పటం మీద జరిపి చూస్తే వాదన ఉండదు. ఎల్ఫ్‌లు, అస్థిపంజరాల మీద స్లాటు తగలేయకండి. నిద్రపోనివారూ, అలసట (ఎగ్జాస్చన్) అంటనివారూ సేవ్ వేయకుండానే నెగ్గినట్టు. బ్లెస్ అనే స్పెల్ వేసి ఉన్న క్లెరిక్ (పూజారి పాత్ర) మల్టీక్లాస్‌లో, అంటే రెండో వృత్తి కలుపుకుని, స్లీప్ నేర్చి రెండూ నిలుపుతానంటే కుదరదు, రెండింటికీ కాన్‌సన్‌ట్రేషనే.

ప్రశ్న: గాయాలు మాన్పే క్యూర్ వూండ్స్, హీలింగ్ వర్డ్ పాచికలు రెట్టింపయ్యాయి. నేను ఆట నడిపేవాణ్ని. ఎవరూ పడిపోవడం లేదు, భయమే పోయింది. రాక్షసుల దెబ్బ పెంచమంటారా?
— ఒక డీఎం, లబ్బీపేట, విజయవాడ

జవాబు: మొదటి, రెండో లెవెల్స్‌లో పెంచకండి. తొమ్మిది పది హిట్ పాయింట్లున్న విజార్డ్‌కి ఒక్క క్రిటికల్ చాలు. దెబ్బ పెంచితే భయం రాదు, పాత్ర చచ్చి కొత్త క్యారెక్టర్ షీట్ వస్తుంది.

అంకెలు చూడండి. క్యూర్ వూండ్స్ 1డి8 నుంచి 2డి8 అయింది. గుణం +3 కలిపితే సగటు 7.5 నుంచి 12కి పెరిగింది. హీలింగ్ వర్డ్ 2డి4+3, సగటు 5.5 నుంచి 8కి. మొదటి లెవెల్ క్లెరిక్‌కి రోజుకి రెండే స్లాట్లు. రెండూ క్యూర్ వూండ్స్‌కే పెట్టినా రోజు మొత్తంలో అదనంగా వచ్చింది 9 పాయింట్లు. మీకు ఎక్కువగా అనిపించడానికి కారణం వేరు. గోబ్లిన్ కత్తి దెబ్బ 1డి6+2, సగటు 5.5. పడిపోయినవాడిని పాత హీలింగ్ వర్డ్‌తో లేపితే తర్వాతి దెబ్బకి మళ్లీ పడతాడో లేడో బొమ్మా బొరుసూ. ఇప్పుడు 8తో లేస్తాడు. గోబ్లిన్ పాచికకి ఆరు పడితే తప్ప వాడు నిలబడే ఉంటాడు. లేచిన మనిషి ఒక వంతు ఆడగలుగుతున్నాడు, అదీ మార్పు.

మీరు పట్టు బిగించాల్సింది మూడు చోట్ల. మొదటిది స్లాటు నియమం. ఒక వంతులో స్లాటు ఖర్చయ్యే స్పెల్ ఒక్కటే వేయాలి. బోనస్ యాక్షన్‌తో హీలింగ్ వర్డ్ వేసి, అదే ఊపులో గైడింగ్ బోల్ట్ అనే మరో స్లాటు స్పెల్ వేస్తానంటే ఒప్పుకోకండి. సేక్రెడ్ ఫ్లేమ్ లాంటి కాంట్రిప్ అయితే సరే. మ్యాజిక్ ఇనీషియేట్ అనే ఫీట్ (అదనపు నైపుణ్యం) ద్వారా రోజుకొకసారి ఉచితంగా వచ్చే స్పెల్‌కి స్లాటు పోదు కాబట్టి దానికి ఈ అడ్డు లేదు. షీల్డ్ లాంటి రియాక్షన్ స్పెల్ అవతలివాడి వంతులో వేస్తారు గనుక అదీ లెక్కలోకి రాదు.

రెండోది మందు సీసాలు. కొత్త పుస్తకంలో హీలింగ్ పోషన్ తాగడం బోనస్ యాక్షనే. 2డి4+2, సగటు 7. అంటే హీలింగ్ వర్డ్‌కి ఒక పాయింట్ తక్కువ, స్లాటు ఖర్చు లేదు. ధర 50 బంగారు నాణేలు. ప్రతి గదిలో రెండేసి సీసాలు దొరుకుతుంటే తప్పు స్పెల్‌ది కాదు. మూడోది రోజుకి పోరాటాలు ఎన్ని అన్నది. ఒక్క పోరాటం పెట్టి రాత్రి పడుకోబెడితే రెండు స్లాట్లూ దానికే ఖర్చు పెడతారు, ఎవరూ పడరు. దెబ్బ పెంచే బదులు ఇంకో చిన్న పోరాటం కలపండి.

ప్రశ్న: మా ఆట మొత్తం తెలుగులోనే. కమాండ్ స్పెల్‌లో ఒకే ఒక్క మాట చెప్పాలంటారు. మా క్లెరిక్ 'కత్తిపారేసికూర్చో' అని ఒక్క ఊపిరిలో అని, కలిపి పలికాను కనుక ఒకే పదమంటాడు. తెలుగు మాస్టారి కొడుకు, వాదనలో గెలవలేకపోతున్నాం.
— నలుగురు మిత్రులు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మాస్టారి కొడుకునే అడగండి, 'పారేసి' ఏమిటని. క్త్వార్థకం. అది ఒక పని, 'కూర్చో' ఇంకో పని. ఊపిరి ఒకటైనంత మాత్రాన క్రియలు ఒకటి కావు. పాత పుస్తకంతో ఆడేవారికి మా సలహా ఇదే: తెలుగులో 'ఒక మాట' అంటే ఒక సమాపక క్రియ, దాని ముందు వేరే ఏ క్రియా ఉండకూడదు. 'పారిపో' సరే, అది నిఘంటువులో ఉన్న ఒకే పని. 'పడుకో' మాత్రం గొడవ పెడుతుంది. నేల మీద వాలడమా, నిద్రపోవడమా? డీఎం ముందే తేల్చుకోవాలి.

కొత్త పుస్తకంలో ఈ వాదనకే చోటు లేదు. ఆజ్ఞలు అయిదే, వాటిలోంచే ఎంచుకోవాలి. తెలుగు బల్లకి మేం పెట్టుకోమనే మాటలు ఇవి: రా, వదులు, పారిపో, సాగిలపడు, ఆగు. పాతదాంట్లో మీ భాష అర్థంకానివారి మీదా, లేచి తిరిగే శవాల మీదా ఇది పనిచేసేది కాదు. ఆ రెండు అడ్డంకులూ ఎత్తేశారు. తోడేలుకి 'ఆగు' అనవచ్చు, అస్థిపంజరానికి 'వదులు' అనవచ్చు. మాట స్వేచ్ఛ పోయింది, పరిధి పెరిగింది. మాకైతే ఆ బేరం కాస్త నష్టమే అనిపిస్తుంది. ఈ స్పెల్‌లో సరదా అంతా మాట వెతుక్కోవడంలోనే ఉండేది.

వాడకంలో చూసుకోవాల్సింది వరస. శత్రువు ఆజ్ఞ పాటించేది తన తర్వాతి వంతులో, మీరు చెప్పిన క్షణంలో కాదు. 'సాగిలపడు' అంటే వాడి వంతు రాగానే బోర్లా పడి వంతు ముగించేస్తాడు. ఆ తర్వాత, వాడు మళ్లీ లేచేలోపు వంతు వచ్చే మీ కత్తివీరులకి అడ్వాంటేజీ. మీ వీరుల వంతులన్నీ మీకూ శత్రువుకీ మధ్యనే అయిపోతే ఆ పడడం వల్ల వారికి ఆ రౌండులో ఒరిగేదేమీ లేదు, లాభం తర్వాతి రౌండులోనే. దూరం నుంచి బాణాలు వేసే జట్టుకి 'సాగిలపడు' నష్టం, పడి ఉన్నవాడి మీద దూరపు దాడికి డిసడ్వాంటేజీ. వారికి 'ఆగు' మేలు. 'పారిపో' అంటే వాడు తన కాళ్లతోనే పరుగెడతాడు కాబట్టి పక్కనున్నవారికి ఆపర్చునిటీ అటాక్ దొరుకుతుంది. చుట్టూ ముగ్గురు నిలబడి ఉన్నప్పుడు ఆ ఒక్క మాట మూడు దెబ్బల విలువ. 'వదులు' అన్నప్పుడు కింద పడ్డ విల్లుని మీవాళ్లలో ఎవరైనా వెంటనే తీసుకోకపోతే వాడు తర్వాతి వంతులో వంగి తీసుకుంటాడు, స్లాటు గంగపాలు.

ప్రశ్న: సొంతంగా ఒక కాంట్రిప్ తయారు చేశాను. పేరు 'గుంటూరు ఘాటు'. 15 అడుగుల కోన్ (శంకువు ఆకారం), కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) సేవ్, తప్పితే 1డి8 పాయిజన్, పైగా తర్వాతి వంతు చివరిదాకా కళ్లు కనబడవు. డీఎం ఒప్పుకోవడం లేదు. కారణం చెప్పరు.
— ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: కారణం మేం చెబుతాం. మొదటి లెవెల్‌లో కలర్ స్ప్రే అనే స్పెల్ ఉంది. 15 అడుగుల కోన్, కాన్‌స్టిట్యూషన్ సేవ్, తప్పితే తర్వాతి వంతు చివరిదాకా కళ్లు కనబడవు. అంతే, దెబ్బ లేదు, దానికి ఒక స్లాటు ఖర్చు. మీది అదే పని చేసి, దెబ్బ కూడా వేసి, స్లాటు అడగదు. కళ్లు పోయినవాడి మీద దాడులన్నిటికీ అడ్వాంటేజీ, వాడి దాడులన్నిటికీ డిసడ్వాంటేజీ. ప్రతి వంతూ ఉచితంగా ఇది దొరికితే మిగతావాళ్లు పాచికలు పక్కనపెట్టి మిరపకాయ బజ్జీలు తినవచ్చు.

కొలబద్ద కావాలంటే 2014 నాటి డన్‌జన్ మాస్టర్స్ గైడ్‌లో సొంత స్పెల్స్‌కి ఒక పట్టిక ఉంది. కాంట్రిప్ ఒక్కడికి తగిలేదైతే 1డి10, ఎక్కువమందికైతే 1డి6. మొదటి లెవెల్ ఒక్కడికి 2డి10, ఎక్కువమందికి 2డి6. అదనపు బాధ ఏదైనా పెడితే పాచిక తగ్గించాలి. విషస్ మాకరీ అనే కాంట్రిప్ మీకు దగ్గరి చుట్టం. ఒక్కడికి 1డి6, వాడి తర్వాతి ఒక్క దాడికి డిసడ్వాంటేజీ, దూరం 60 అడుగులు.

మీ స్పెల్‌ని ఇలా దిద్దండి. గుంటూరు ఘాటు, కాంట్రిప్, ఒక యాక్షన్. దూరం 15 అడుగులు, ఒక్క జీవి. కావలసినవి నోటి మాట, చేతి విసురు, చిటికెడు ఎండుకారం. కాన్‌స్టిట్యూషన్ సేవ్ తప్పితే 1డి8 పాయిజన్, తన తర్వాతి వంతు ముగిసేలోపు వేసే మొదటి దాడికి డిసడ్వాంటేజీ. 5, 11, 17 లెవెల్స్‌లో ఒక్కో డి8 పెరుగుతుంది. విషస్ మాకరీకి డి6 ఉండగా దీనికి డి8 ఎందుకంటే, దూరం నాలుగో వంతే. పైగా పాయిజన్ అంటనివారు ఈ ఆటలో అందరికన్నా ఎక్కువ: అస్థిపంజరాలు, జాంబీలు, చాలామంది దయ్యాలు, బొమ్మ మనుషులు. కాన్‌స్టిట్యూషన్ కూడా పెద్ద రాక్షసులకి బాగా ఉండే గుణం.

కోన్ వదులుకోలేనంటే మొదటి లెవెల్ స్పెల్ చేయండి: 2డి6 పాయిజన్, సేవ్ నెగ్గితే సగం, తప్పితే తర్వాతి దాడికి డిసడ్వాంటేజీ కూడా. 15 అడుగుల కోన్ గళ్ల మీద ఒకటి, రెండు, మూడు, మొత్తం ఆరు గళ్లు. మీవాళ్లు ఎదురుగా ఉంటే వాళ్లకీ కారమే, కోన్ ఎవరినీ ఎంచదు. మిర్చి యార్డులో తేజ రకం టిక్కీ (బస్తా) విప్పినప్పుడు ఘాటు రైతునీ, కమీషన్ వ్యాపారినీ వేరుచేసి చూడనట్టే. పై లెవెల్‌కి తేజ, మామూలుకి సన్నం అని పేర్లు పెట్టుకున్నా తప్పు లేదు, తేజకే ఘాటెక్కువ.

ప్రశ్న: ఎదుటివారిని స్నేహితుల్ని చేసుకునే ఫ్రెండ్స్ కాంట్రిప్ గోబ్లిన్ కాపలావాడి మీద వేస్తే సేవ్ లేకుండానే తప్పించుకున్నాడన్నారు మా డీఎం. నిజమేనా?
— ఒక పాఠకురాలు, కొత్తపేట, గుంటూరు

జవాబు: నిజమే. కొత్త ఫ్రెండ్స్‌లో హ్యూమనాయిడ్ (మనిషి తరహా జీవి) కానివారు సేవ్ నెగ్గినట్టే. కొత్త పుస్తకాల్లో గోబ్లిన్‌లు హ్యూమనాయిడ్‌లు కారు, ఫే (మాయా జీవుల) జాతిలో కలిశారు. చార్మ్ పర్సన్ కూడా వారి మీద పనిచేయదు. ఇంకోటి: ఒకరి మీదే 24 గంటల్లో రెండోసారి వేసినా అంతే, సేవ్ నెగ్గినట్టే. మంత్రం పనిచేసినా, అది ముగియగానే తన మీద ప్రయోగం జరిగిందని వారికి తెలిసిపోతుంది. మళ్లీ పోవాల్సిన దుకాణంలో దీన్ని వాడకండి.

ప్రశ్న: దెబ్బల్ని అడ్డుకునే బ్లేడ్ వార్డ్ కాంట్రిప్ బాగుపడిందా?
— ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జవాబు: కొంచెం. ఇప్పుడు ఒక నిమిషం ఉంటుంది, మీ మీద దాడి చేసేవారి అంకెలోంచి 1డి4 తీసేస్తారు, సగటు 2.5. కానీ కాన్‌సన్‌ట్రేషన్ కావాలి, వేయడానికి యాక్షన్ కావాలి. తలుపు తన్నే ముందు వేసుకుంటే లాభం, పోరాటం నడుమ వేస్తే దండగ.

ప్రశ్న: క్రొమాటిక్ ఆర్బ్‌కి డి8లు మూడు కావాలి. మా దగ్గర లూడో పాచికలే ఉన్నాయి. తంబోలా సంచిలోంచి 1 నుంచి 8 అంకెలు తీసి వాడుతున్నాం. గోళం ఒక్కసారి కూడా రెండోవాడి మీదికి దూకలేదు.
— హాస్టల్ విద్యార్థులు, గుంటూరు

జవాబు: దూకదు. కొత్త క్రొమాటిక్ ఆర్బ్‌లో మూడు డి8ల మీద కనీసం రెండు ఒకే అంకె పడితే గోళం 30 అడుగుల లోపలి ఇంకొకరి మీదికి దూకుతుంది, అక్కడ మళ్లీ దాడి పాచిక వేయాలి. మూడు బిళ్లలు వరసగా తీసి బయట పెడుతున్నారు కదా? సంచిలో ప్రతి అంకె ఒక్కటే ఉంది. ఒకే అంకె రెండుసార్లు రావడం అసాధ్యం. ఒక్కో బిళ్ల తీసి, రాసుకుని, తిరిగి సంచిలో వేసి కలిపి మళ్లీ తీయండి. అప్పుడు దూకే అవకాశం 34 శాతం, మూడుసార్లలో ఒకటి. డి20కి కూడా 1 నుంచి 20 బిళ్లలతో ఇదే పద్ధతి.

సంచి విసుగనిపిస్తే చిల్లర వాడండి. రూపాయి, రెండు రూపాయలు, అయిదు రూపాయల బిళ్లలు మూడూ కలిపి ఎగరేయండి. అంకె వైపు పడ్డవాటినే లెక్కపెట్టండి: రూపాయికి 1, రెండు రూపాయలకి 2, అయిదు రూపాయలకి 4. వచ్చినదానికి 1 కలపండి. మూడూ సింహాల వైపు పడితే 1, మూడూ అంకె వైపు పడితే 8, నడుమ అన్నీ సమాన అవకాశంతో వస్తాయి. హీలింగ్ వర్డ్ డి4కి అయిదు రూపాయల బిళ్ల పక్కన పెట్టి మిగతా రెండూ ఎగరేస్తే చాలు. దుప్పటి మీద ఎగరేయండి, గచ్చు మీదైతే బిళ్ల మంచం కిందికి దొర్లుతుంది.